వంటింటి మీది గది

హెస్టర్ ఆస్పత్రి డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి ముందు గది నిండా సున్నపు దుమ్ము. భర్త క్లైవ్ నిచ్చెన మీద నిలబడి పసిపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"పైకి చూడు హెస్టర్! ఒక్కసారి పైకి చూడు!"

పాత యజమానులు వేయించిన అట్టల సీలింగు మొత్తం ఊడదీసేశాడు. దానికి చాలా ఎత్తున, గచ్చుతో తీర్చిన ద్రాక్షతీగ గోడల చుట్టూ పాకి ఉంది. ఆకుల ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. నిజంగానే అందంగా ఉంది. ఆ మాట పైకి అనే ఓపిక హెస్టర్‌కి లేదు. బూట్లు విప్పి, నేల చల్లగా తగిలి మళ్లీ తొడుక్కుంది.

"ఇన్నాళ్లూ కాస్త వెచ్చదనం నిలిపింది ఆ అట్టలేనయ్యా," అంది.

"విక్టోరియా రాణి కాలం నాటి పనితనం ఇది!"

"నీకు ద్రాక్షగుత్తులు, నాకు రొంప. బాగానే పంచావు."

చర్చివాళ్లు ఎప్పుడో అమ్మేసిన పాదిరీ బంగళా అది. పాదిరిగారి గదులన్నీ పెద్దవి. చర్చి కనబడేలా ఉత్తరం వైపు కట్టారు కాబట్టి వాటిలోకి ఎండ రాదు. వంటిల్లు, పనివాళ్ల గదులు వెనక ఇరుకుగా అతికించారు. బడిపంతులుగా రిటైరైన క్లైవ్ ఈ ఇంటిని చూసి మనసు పారేసుకుని కొనేశాడు. కప్పు బాగుచేస్తే కిటికీలు పుచ్చేవి, కిటికీలు మారిస్తే గోడ చెమ్మెక్కేది. ఏళ్ల తరబడి హెస్టర్ సెలవులన్నీ ఆ ఇల్లే మింగేసింది.

ఆ సాయంత్రం హెస్టర్ దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని వంటింటి పక్క ఇరుకు మెట్లెక్కింది. పైన, ఒకప్పుడు వంటమనిషి పడుకున్న గది. దూలం నెత్తికి తగులుతుంది. కానీ వంటింటి పొగగొట్టం ఓ పక్క గోడలోంచే పోతుంది, అందుకే అది వెచ్చగా ఉంటుంది. ఆ గోడకి వీపు ఆనించి పడుకుంది. ఎప్పుడు నిద్రపట్టిందో కూడా తెలియలేదు.

"నన్నొదిలేసి పోయావా?" అన్నాడు క్లైవ్ పొద్దున్నే, మొహం ముడుచుకుని.

"నిన్ను కాదు. ఆ చలిని."

అతనూ పంతం వదల్లేదు. కోటూ, ఉన్ని టోపీ వేసుకుని పాదిరిగారి పెద్ద పడకగదిలోనే పడుకున్నాడు. దగ్గు పట్టుకుంది. ఇద్దరి మధ్య మాటలు "టీ ఉందా", "ఉంది" దగ్గర ఆగిపోయాయి.

ఆదివారం మధ్యాహ్నం వాన పడుతుండగా మెట్ల మీద దగ్గు వినిపించింది. ఆ వెంటనే దూలానికి తల కొట్టుకున్న చప్పుడు.

"అబ్బా! చచ్చాను!"

"వంగి రావాలి మహానుభావా."

క్లైవ్ చేతిలో వేడినీళ్ల సంచి ఉంది. "చోటుందా?"

హెస్టర్ జరిగి, గోడ వైపు చోటు అతనికిచ్చింది. అతను గోడ మీద అరచెయ్యి ఆనించి ఆ వెచ్చదనాన్ని తడిమి చూశాడు.

"అమ్మేద్దామా?" అన్నాడు చివరికి. "నావల్ల కావట్లేదే."

ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్లు ఎదురుచూసిందో. తీరా వచ్చాక సంతోషం కలగలేదు. బరువు దించాక కూడా భుజాలు లాగుతున్నట్టే ఉంది.

"రేపు మాట్లాడుకుందాం. ముందు పడుకో."

ఇల్లు అమ్ముడుపోవడానికి మరో రెండు చలికాలాలు పట్టింది. అన్నాళ్లూ పెద్ద గదుల తలుపులు మూసి, ఆ ఇరుకులోనే కాపురం చేశారు. ఆదివారాలు ఎదురుగా చర్చి గంట ఎంత మోగినా ఇద్దరూ లేచేవాళ్లు కాదు.