వాన డబ్బా

సముద్రం మధ్య దీవుల్లో ఉన్న వండూర్‌లో మే నెల వచ్చిందంటే జనం రెండింటి కోసమే ఎదురుచూస్తారు. ఒకటి వాన, రెండోది కుళాయి. వాన సంగతి ఎవరి చేతిలోనూ లేదు. కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది, అదీ సాయంత్రం పూట. ఆ రోజు మాత్రం ఏ పుణ్యాత్ముడు వాల్వు తిప్పాడో గానీ, పొద్దున్న పదింపావుకే వచ్చేసింది.

ఆ సమయానికి జ్ఞానవతి తెలుగు చర్చి ఆవరణలో పిల్లల చేత నత్తలాట ఆడిస్తోంది.

జ్ఞానవతి ఇరవై ఏడేళ్లు అంగన్‌వాడీలో పనిచేసి మానుకున్న మనిషి. మానుకున్నా చేతులు ఊరుకోవు కదా. వేసవి సెలవుల్లో చిన్నపిల్లలు ఎండలో పడి తిరగకుండా రోజూ చర్చిలో ఆడించే పని తనే నెత్తిన వేసుకుంది. ఆమె దగ్గర పలకలూ పుస్తకాలూ ఉండవు. ఏ కాలానికి తగ్గ ఆట ఆ కాలానిది. గాలి రోజుల్లో పిల్లలు కొబ్బరాకులై ఊగుతారు, చలి తగిలే రోజుల్లో కొంగలై ఒంటికాలి మీద నిలబడతారు, ఎండాకాలంలో నత్తలవుతారు. ఈ దీవుల్లో పిడికెడేసి నత్తలుంటాయి. ఎండలు ముదిరితే గుల్ల నోరు మూసుకుని ఎక్కడో అతుక్కుపోతాయి. తొలి వాన పడగానే ఊరి మీద పడి తోటలన్నీ తినేస్తాయి. పెద్దవాళ్లు వాటిని తిట్టుకుంటారు, పిల్లలకి మాత్రం ముద్దు.

ఆట ఇలా సాగుతుంది. పిల్లలు నేల మీద పాకుతూ వెళ్లి ఎవరి గుల్ల వాళ్లు వెతుక్కోవాలి. బల్ల కిందో, మెట్ల పక్కనో, చెట్టు చాటునో. మోకాళ్లు గుండెకి ఆనించుకుని, తల లోపల పెట్టుకుని కదలకుండా ఉండాలి. జ్ఞానవతి దగ్గర ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది, అందులో గుప్పెడు బియ్యం. ఆమె దాన్ని ఆడిస్తే అదే వాన. వాన పడ్డాక ముందు వేళ్లు, ఆ తర్వాత నెత్తి మీద రెండు వేళ్ల కొమ్ములు, ఆపైన మెడ, అలా మెల్లమెల్లగా బయటికొచ్చి ఆవరణంతా ఊగుతూ తిరగాలి. ఒకటే నియమం.

"వాన పడేదాకా ఎవరు పిలిచినా పలక్కూడదు. అమ్మ పిలిచినా, నాన్న పిలిచినా."

ముందు రోజు షెరిన్ ఓడిపోయింది. జెట్టీలో టూరిస్టు బోటు నడిపే లాయిడ్ కూతురు షెరిన్. ఐదేళ్లది. గేటు దగ్గర వాళ్లమ్మ టీనా గొంతు వినబడగానే లేచి పరిగెత్తింది. "ఎండిపోయింది, నత్త ఎండిపోయింది!" అని పిల్లలంతా చప్పట్లు కొట్టారు. జ్ఞానవతి కూడా నవ్వింది. "రేపు గట్టిగా ఉండాలి మరి" అంది. షెరిన్ గౌను అంచుతో కళ్లు తుడుచుకుని, ఉంటానని తలూపింది.

ఇవాళ పిల్లలంతా గుల్లల్లో దూరారో లేదో, వీధిలో కేక లేచింది. "పానీ ఆగయా! కుళాయొచ్చేసింది!"

బిందెలతో పరిగెత్తే తల్లులు దారిలో చర్చిలోకి తొంగిచూసి, చేతికందిన పిల్లని చేతికందినట్టు లాక్కుపోయారు. జ్ఞానవతి ఇంట్లో మూడు డ్రమ్ములూ నిన్నటి నుంచి ఎండి ఉన్నాయి. ఆమెకి అవి కళ్లముందు కదిలాయి. "ఇవాళ్టికి చాలర్రా, పదండి పదండి" అని కేకేసి, డబ్బా కిటికీలోనే వదిలేసి, కొంగు బిగించి ఇంటికి పరిగెత్తింది. పిల్లల్ని లెక్క చూసుకోలేదు. వానా కురిపించలేదు.

పన్నెండు కావస్తుంటే టీనా వచ్చింది.

"టీచరమ్మా, షెరిన్ ఇంకా ఇంటికి రాలేదేటి? పక్కింటి లహరితోటి వస్తాది గదా రోజూ. ఆ పిల్లనేమో వాళ్లమ్మ ముందే తీసుకెళ్లిపోనాదంట."

జ్ఞానవతి చేతిలో నీళ్ల పైపు ఉంది. "అందర్నీ పంపించేశాను కదే. షెరిన్ కూడా ఎల్లింది. గేటు దాటడం నా కళ్లతో నాను చూశాను" అంది.

చూడలేదు. అయినా ఆ మాట ఎలా వచ్చిందో వచ్చేసింది. ఇరవై ఏడేళ్లలో ఒక్క పిల్లని ఒంటరిగా వదల్లేదన్న పేరు ఆమెది. ఆ పేరే ఆమె చేత అలా అనిపించింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇదెంత బాగా అతికిందంటే, చర్చి లోపల వెతకాలని ఎవరికీ తోచలేదు. గేటు దాటిన పిల్లకి రెండే దారులు. ఒకటి జెట్టీకి, రెండోది నాలాకి.

నాలా అంటే మడచెట్ల మధ్య సముద్రపు నీళ్లు వచ్చిపోయే పాయ. ఒడ్డున మొసళ్ల బోర్డు ఉంటుంది. కిందటేడు ఒక కుక్కని అందరూ చూస్తుండగానే మొసలి లాక్కుపోయింది. లాయిడ్ బోటు వదిలేసి, లైఫ్ జాకెట్ కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చి మోకాలి లోతు బురదలోకి దిగాడు. "లాయిడ్ భయ్యా, దిగొద్దు! పోటు ఎక్కుతున్నాది" అని ఒడ్డు మీద మగాళ్లు అరిచారు. వెదురు గడలతో నీళ్లు కెలికారు. ఎవరికో ఒక చిన్న చెప్పు దొరికింది. అది చూసి టీనా ఒడ్డునే కూలబడిపోయింది. తీరా చూస్తే అది ఏనాటిదో, నాచు పట్టి ఉంది.

జ్ఞానవతి కూడా వాళ్ల వెనకాలే తిరిగింది. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. ప్రార్థన చేద్దామంటే, నా కళ్లతో నేను చూశాను అన్న మాటే అడ్డొచ్చి ఆగిపోయింది. ఇప్పుడు చెబితే? అంతసేపూ ఎందుకు చెప్పలేదంటారు. చెప్పకపోతే? ఆ బురద నీళ్ల వంక చూసి ఆలోచన అక్కడితో ఆపేసుకుంది. రెండుసార్లు టీనా భుజం మీద చెయ్యి వేసింది. రెండుసార్లూ టీనా ఆ చేతిని పట్టుకుని, "మీరు చూశారు గదా, ఏ వైపు ఎల్లింది, గుర్తు తెచ్చుకోండి" అని బతిమాలింది. ఆ బతిమాలడం కన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. జ్ఞానవతి ఏ వైపో ఒక వైపు చూపించింది. చూపించినందుకు తనని తనే అసహ్యించుకుంది.

ఒంటిగంటకి చర్చి పెద్ద రాజబాబు అందరినీ ఆవరణలోకి తీసుకొచ్చాడు. పోలీసులకి కబురు వెళ్లింది, వాళ్లొచ్చేలోగా ప్రార్థన చేద్దామన్నాడు. ఎండ నెత్తిన మండుతోంది. చర్చి వెనక గోడ పక్కన, అడుక్కి తారు పూయడానికని ఎవరో బోర్లించి పెట్టిన పాత డింగీ పడవ ఉంది. లాయిడ్ దాని మీద కూలబడి, పిడికిలితో ఆ చెక్కని దబదబా బాదాడు.

"షెరిన్! ఎక్కడున్నావే అమ్మా! బయటికి రావే! డాడీ పిలుస్తన్నాడే!"

బయటికి రావే అన్న మాట దగ్గర జ్ఞానవతికి ఆట నియమం గుర్తొచ్చింది. అమ్మ పిలిచినా, నాన్న పిలిచినా. ఆ మాట తన నోటిదే. రేపు గట్టిగా ఉండాలి అన్నదీ తనే. గంట నుంచీ ఊరంతా ఆ పిల్లని పిలుస్తోంది. పిలిచేకొద్దీ అది ఇంకా గట్టిగా ముడుచుకుని ఉంటుంది.

ఆమె కిటికీ దగ్గరికి పరిగెత్తి డబ్బా అందుకుంది.

"చుప్! అందరూ నోళ్లు మూసుకోండి! ఎవ్వరూ పిలవకండి!"

"పిల్ల కోసం ఏడుస్తుంటే నోరు మూసుకోమంటావేటి జ్ఞానవతీ, మతి పోయిందా?" అన్నాడు రాజబాబు.

"మీ కాళ్లు పట్టుకుంటాను రాజబాబు గారూ, ఒక్క నిమిషం. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి."

ఆ గొంతులో ఏముందో గానీ జనం ఆగిపోయారు. జ్ఞానవతి డబ్బా ఆడించింది. కంగారులో బియ్యం ఒక్కసారే పక్కకి పడింది. అది వానలా లేదు. మళ్లీ మొదలుపెట్టింది. రోజూ ఎలా చేస్తుందో అలాగే, ముందు చినుకులు, తర్వాత జల్లు. ఏమీ కదల్లేదు. ఆలస్యమైపోయింది, చంపేశాను అనుకుంది. అయినా ఆపకుండా జోరు పెంచింది.

లాయిడ్ ఉలిక్కిపడి లేచాడు. అతను కూర్చున్న చెక్క కింద ఏదో గీరుతోంది.

డింగీ అంచుకీ ఇసుకకీ మధ్య జానెడు సందులోంచి ఒక వేలు బయటికొచ్చింది. దాని పక్కన ఇంకొకటి. రెండు వేళ్లూ నత్త కొమ్ముల్లా మెల్లగా అటూ ఇటూ ఆడాయి.

నలుగురు కలిసి డింగీని ఎత్తి పక్కకి తోశారు. షెరిన్ మొహం ఎర్రగా కమిలిపోయి ఉంది. పెదాలు పగిలాయి, గౌను చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. టీనా కేక పెట్టి మీద పడబోతే ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది. ఆట ఇంకా అవలేదు మరి. మెడ చాచింది, నిలబడి ఊగబోయింది, తిమ్మిరెక్కిన కాళ్లు నిలవక పక్కకి ఒరిగిపోయింది. లాయిడ్ పట్టుకున్నాడు. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చారు. పొద్దున్న వచ్చిన కుళాయి నీళ్లే. షెరిన్ గుక్కగుక్కగా తాగింది, దగ్గింది, కళ్లతో టీచరుని వెతుక్కుంది.

"టీచర్, వాన ఎందుకంత లేటయింది? డాడీ నెత్తి మీదే కూకుని పిలిచాడు. నేను పలకలేదు."

లాయిడ్ తలెత్తి జ్ఞానవతి వైపు చూశాడు. టీనా కూడా చూసింది. జ్ఞానవతి నాలుక చివర ఇంకో అబద్ధం సిద్ధంగా ఉంది. గేటు దాటి మళ్లీ లోపలికి వచ్చి ఉంటుందిలే అనొచ్చు, అందరూ నమ్ముతారు కూడా. ఆ పగిలిన పెదాలు చూసి ఆమె దాన్ని మింగేసింది.

"నాను కురిపించలేదు తల్లీ. కుళాయొచ్చిందని నిన్నొదిలేసి పోయాను. నువ్వు గేటు దాటడం నాను చూడలేదు. చూశానని మీ అమ్మకి అబద్ధం చెప్పాను."

ఎవరూ నోరు విప్పలేదు. వాళ్లని మాట్లాడొద్దన్నది జ్ఞానవతే. అందుకే ఆమె ఒప్పుకున్న మాట గేటు దగ్గర నిలబడ్డవాళ్లకి కూడా వినబడింది.