బోర్లించిన గ్లాసు

సాలీడంటే నాకు పై ప్రాణాలు పైనే పోతాయి. పొద్దున వంటింట్లో కనిపిస్తే దాని మీద స్టీలు గ్లాసు బోర్లించి, మా ఆయనకి ఫోన్ చేశాను. వడ్రంగి మనిషి, చెవి మీద పెన్సిలైనా తియ్యకుండా మీసం మెలేస్తూ వచ్చారు.

"ఇంత దానికేనా?" అంటూ గ్లాసు మీద బకెట్ బోర్లించి, దాని మీదెక్కి కూర్చున్నారు.

"ఇదేనా మీ ధైర్యం?"

"అది బయటికి రాకూడదు కదే!"

నవ్వలేక చచ్చాను. మా అత్తగారొచ్చి ఇద్దర్నీ చెడామడా తిట్టి, ఆయన్ని లేపి, బకెట్ తీసి, గ్లాసు ఎత్తారు. కింద ఏమీ లేదు.

"ఖాళీ గ్లాసుకి కాపలానా, సన్నాసుల్లారా?" అంటూ గ్లాసులోకి తొంగి చూశారు. సాలీడు లోపల అడుగుకి అంటుకునుంది.

మరుక్షణం ముగ్గురం భోజనాల బల్ల మీదున్నాం. మోకాళ్ళ నొప్పులని నెల్లాళ్ళుగా మెట్టెక్కని మా అత్తగారే అందరికన్నా ముందెక్కారు.