పంటిగాట్ల తోలుపట్టీ

నేను ఒక తోలుపట్టీని. జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. అమెరికావాళ్ళు ఇంగ్లండు రాజు మీద తిరగబడిన రోజుల్లో ఒక జీనుల పనివాడు నన్ను కళ్ళెం కోసం కోశాడు. గుర్రం నోటికి పోవలసినదాన్ని మనుషుల నోటికి పోయాను. ఇష్టమేనా అని నన్నెవరడిగారు?

పటాలం డాక్టరు ఎజ్రా విట్లాక్ నన్ను కొన్నాడు. అప్పట్లో మత్తుమందు లేదు. కాలో చెయ్యో కోసేటప్పుడు సైనికుడి పళ్ళ మధ్య నన్ను కుక్కేవాడు. "గట్టిగా కొరుకు నాయనా, అరవకు. నువ్వు అరిస్తే నా చెయ్యి వణుకుతుంది" అనేవాడు. నొప్పి వాళ్ళది, బెంగ తన చేతి గురించి. అయినా మంచివాడే. రంపం కడిగాక గుడారం వెనక్కి పోయి వాంతి చేసుకునేవాడు. ఆమోస్ అనే సైనికుడి కాలు తీసినప్పుడు అతని ముందుపన్ను విరిగి నాలోనే దిగబడిపోయింది.

యుద్ధం ముగిసింది. బతికి బయటపడ్డవాళ్ళు ఊరూరా ఆయన పేరు చెప్పుకున్నారు. ఆ పేరుతోనే ఆయన చట్టసభకు వెళ్ళాడు. నేను ఆయన బల్ల మీద కాగితాల కట్టకు చుట్టుకుని, ఉపన్యాసాలు వింటూ కూర్చున్నాను. అంతమంది నోళ్ళు మూయించిన మనిషికి తన నోరు మూసుకోవడం చేతకాలేదు.

ముప్ఫై ఏళ్ళు తిరగకముందే మళ్ళీ ఇంగ్లండుతో యుద్ధం అన్నారు. ఓటింగు రేపనగా ఆమోస్ కర్రకాలు ఈడ్చుకుంటూ ఆయన ఇంటికొచ్చాడు.

"యుద్ధానికి ఓటెయ్యకండి డాక్టరుగారూ" అన్నాడు. "ఆ రోజు నోట్లో తోలు కుక్కారు, ఏమీ చెప్పలేకపోయాను. ఇవాళ చెబుతున్నా. వద్దు."

"దేశం పరువు పోతుందయ్యా."

"పోయిన పరువు మళ్ళీ వస్తుందండీ. నా కాలు రాలేదు కదా."

డాక్టరు బల్ల మీద కాగితాలకు చుట్టి ఉన్న నావైపు చూశాడు. ఒప్పుకుంటాడనే ఆశపడ్డాను. కానీ గుమ్మంలో కొడుకు సైలస్ కొత్త పటాలం కోటు తొడుక్కుని వింటున్నాడు. కొడుకు ముందు పిరికివాడనిపించుకోవడం ఏ తండ్రికి ఇష్టం? మర్నాడు యుద్ధానికే ఓటేశాడు. సైలస్ బయలుదేరేటప్పుడు నన్ను అతని చేతిలో పెట్టి, "ఉత్తరాలు కట్టుకో. దీనితో వేరే పని పడదులే" అన్నాడు.

పడింది. చలికాలం, సరస్సు ఒడ్డున ఒక గడ్డికొట్టంలో సైలస్ కాలు తొడ దగ్గర కోశారు. నాన్నా అని పిలవబోయాడు. మధ్యలో నేనున్నాను. ఆ పిలుపు బయటికి రాలేదు. నాకు చేతనైతే ఆ క్షణాన పుటుక్కున తెగిపోయేదాన్ని. తెల్లారేసరికి అతను పోయాడు.

నన్ను అతని బట్టలతో పాటు ఇంటికి పంపించారు. పక్కగదిలో జబ్బుపడి ఉన్న తల్లికి కొడుకు సంగతి ఇంకా తెలియదు. విట్లాక్ తలుపు వేసుకుని, నన్ను కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. పాత గాట్లు నల్లబడి ఉన్నాయి. సైలస్ గాట్లు పచ్చిగా ఉన్నాయి. వాటిని వేలితో తడిమాడు. తరవాత, భార్యకు వినబడకుండా, నన్ను తన నోట్లో పెట్టుకున్నాడు.

ఇప్పుడు మ్యూజియంలో అద్దాలపెట్టెలో ఉన్నాను. 'వీరసైనికుల పంటిగాట్లు' అని పక్కన చీటీ పెట్టారు. నా చివరన, సగం పళ్ళు ఊడిన ముసలి నోటితో కొరికిన గాట్లు కొన్ని ఉంటాయి, చూడండి. అవి ఏ సైనికుడివీ కావు. ఆయన అరవలేదు. అయినా చెయ్యి వణికింది.