'లేవను' నొక్కితే

ఆదివారం పొద్దున మా ఆయన గదిలో దుమ్ము దులపడం కష్టమైన పనేమీ కాదు గానీ, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని. బల్ల నిండా మూతలు విప్పిన కంప్యూటర్లు, చిన్న చిన్న డబ్బాల్లో స్క్రూలు, కిటికీ చువ్వలకు వేలాడే వైర్లు. "అది కదపకు. ఇది ముట్టుకోకు. దానిమీద ఊదకు, తడి పడుతుంది," అంటూ ఆయన గుమ్మంలో నిలబడి ఉంటారు. ఆయన ఉద్యోగం బీమా ఆఫీసులో. కంప్యూటర్లు సరదా. పాతవి కొని, ఒకదాని ముక్క ఇంకోదానికి పెట్టి, పోయిన ప్రాణం లాక్కొస్తారు. స్నేహితులు ఆయన్ని ప్రొఫెసర్ అని పిలుస్తారు. కంప్యూటర్ల గురించి ఆయన ఎవరికైనా చెబుతారు. పక్కింటాయనకు చెబుతారు, మీటరు రీడింగుకు వచ్చినతనికి చెబుతారు, తప్పు నంబరుకు ఫోన్ చేసినవాళ్ళు కాస్త నెమ్మదస్తులైతే వాళ్ళకూ చెబుతారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో నాకు చెప్పింది మాత్రం "కదపకు" అన్న ఒక్క మాటే.

నా సరదా టీవీ. అలా అని ఇంట్లో అందరూ అంటారు కాబట్టి నేనూ అదే అనుకునేదాన్ని. సాయంత్రం వచ్చే హత్యల సీరియల్ అంటే నాకు నిజంగానే ఇష్టం. కానీ అందులో ఎవరు ఎవర్ని చంపారో నాకు సరిగ్గా ఎప్పుడూ తెలియదు. అసలు సంగతి బయటపడే సమయానికి కచ్చితంగా ఎవరో ఒకరు పిలుస్తారు. పాపకు ఎర్ర పెన్ను కనిపించదు, ఆయనకు టవల్ కనిపించదు, అత్తయ్యకు గోరువెచ్చటి నీళ్ళు కావాలి. తిరిగొచ్చి, "ఏమైంది అత్తయ్యా?" అని అడిగితే, "ఏముంది, వాడొచ్చాడు, అది ఏడ్చింది," అంటుంది. అంతటితో సరి. మిగతాది నేనే ఊహించుకునేదాన్ని. కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, నేను చూడని ముక్కల్ని మనసులో రాసుకునేదాన్ని. మర్నాడు చూస్తే ఒక్కోసారి నాదే బాగుండేది.

ఒక ఆదివారం ఆయన ఒక కంప్యూటర్ని తెరతో సహా వెనక వరండాలో పడేశారు. "ఇక దీనివల్ల లాభం లేదు. పాత సామాన్లవాడొస్తే ఇచ్చేయ్," అన్నారు.

"నేనుంచుకోనా?" అన్నాను.

"నువ్వా? ఏం చేస్తావ్, దానిమీద బట్టలారేస్తావా?"

గదిలో ఉన్న ముగ్గురు స్నేహితులూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వేసి, వాళ్ళు తాగిన కప్పులు తీసి కడిగి, ఆ పెట్టెను వరండాలోనే ఇస్త్రీ బల్ల పక్కన పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానంటే చెప్పడం కష్టం. కోపం వచ్చి కాదు. ఇన్నేళ్ళు పైపైన గుడ్డతో తుడిచాను కదా, లోపల ఏముంటుందో చూద్దామనిపించింది.

స్విచ్ నొక్కితే అది మూడుసార్లు కూసి ఊరుకుంది. ఎందుకలా కూస్తుందని ఫోన్లో వెతికాను. మెమరీ ముక్క సరిగా ఆనకపోతే అలా కూస్తుందట. దాన్ని ఊడదీసి, అంచున ఉన్న ఇత్తడిరంగు పళ్ళను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దాలట. ఇంతేనా అనుకున్నాను. మాడిన గిన్నెలు తోమిన చెయ్యి ఇది. అత్తయ్య కునుకు తీస్తున్న మధ్యాహ్నం పాప రబ్బరు తీసుకుని రుద్దాను. ముక్కను మళ్ళీ గాడిలో పెట్టి, టిక్కుమనేదాకా నొక్కి, స్విచ్ వేశాను. తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలమని వచ్చాయి. ఆ అక్షరాల్లో ఒక్కటీ నాకు అర్థం కాలేదు. అయినా పసిపిల్ల కళ్ళు తెరిచినప్పుడు చూసినట్టు అలా చూస్తూ నిలబడిపోయాను. ఆయనకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే, "ఆ, అదా, నేను సరిగా చూడలేదు" అంటారు. నా సంతోషం కాస్తా ఆయన పొరపాటుగా మారిపోతుంది. అందుకని చెప్పలేదు.

తర్వాత ఇస్త్రీ చేస్తూ ఫోన్లో పాఠాలు వినడం మొదలుపెట్టాను. కంప్యూటర్‌కు మనం ఏదైనా చెప్పాలంటే రెండు మాటలు ముఖ్యమట. ఇలా అయితే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి. ఆ 'లేకపోతే' దగ్గర ఇస్త్రీపెట్టె పట్టుకుని ఆగిపోయాను. మా ఇంట్లో అన్నీ 'అయితే'లే. తెల్లారితే టీ. బడి టైమైతే టిఫిన్ డబ్బా. స్నేహితులొస్తే మళ్ళీ టీ. 'లేకపోతే' అన్న వైపు ఎవరూ ఎప్పుడూ ఏమీ రాయలేదు.

కాస్త చేతికి పట్టుబడ్డాక ఒక ఆట రాద్దామనుకున్నాను. బొమ్మలు వేయడం నాకు రాదు, మాటలతోనే. ఒకావిడ సోఫాలో కూర్చుని సీరియల్ చూస్తూ ఉంటుంది. ఇంట్లోంచి పిలుపులు వస్తూ ఉంటాయి. ప్రతి పిలుపుకూ తెర మీద రెండు మీటలు: 'లేస్తాను', 'లేవను'. సీరియల్ అయిపోయేదాకా కూర్చోగలిగితే గెలిచినట్టు. 'లేస్తాను' వైపు రాయడం మంచినీళ్ళు తాగినంత తేలికైంది. లేస్తే ఏమవుతుందో నాకు కంఠతా వచ్చు. 'లేవను' దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. టవల్ కోసం పిలిచినప్పుడు లేవకపోతే ఏమవుతుంది? నిజంగా తెలియదు. ఎప్పుడూ చూడలేదు కదా. అబద్ధం రాయబుద్ధి కాలేదు. సరే, చూసి రాద్దాం అనుకున్నాను.

అలా మొదలైంది. పోట్లాడాలని కాదు. తెలుసుకోవాలని.

మొదట ఆయన టవల్. "ఏమోయ్, టవల్!" అన్నారు స్నానాల గదిలోంచి. నేను కదల్లేదు. గుండె మాత్రం దొంగతనం చేస్తున్నదానిలా కొట్టుకుంది. రెండోసారి పిలిచారు. మూడోసారి గొంతు కాస్త హెచ్చింది. ఆ తర్వాత తలుపు తెరుచుకుని, తడికాళ్ళతో వచ్చి, దండెం మీద ఉన్న టవల్ తీసుకుని వెళ్ళిపోయారు. ఏమీ జరగలేదు. నేల తడిసింది, అంతే. అదే రాశాను.

పాపకు పెన్ను దానంతటదే దొరికింది. "నా జేబులోనే ఉందమ్మా," అని అదే ఆశ్చర్యపోయింది.

నేను పొద్దుటిపూట కళ్ళ ఆసుపత్రిలో రిసెప్షన్‌లో పనిచేస్తాను. అక్కడ డాక్టరుగారు నన్ను పేరుతో పిలవరు, గంట కొడతారు. చాలాసార్లు ఏసీ తగ్గించడానికి. రిమోట్ ఆయన బల్లమీదే ఉంటుంది. మందుల కౌంటర్లో ఇద్దరు మగవాళ్ళున్నా వాళ్ళకు గంట లేదు. ఆరోజు ఒక పెద్దావిడ తన కంటి శుక్లం సంగతి చెబుతుంటే గంట మోగింది. నేను ఆవిడ మాట పూర్తయ్యేదాకా విన్నాను. గంట మళ్ళీ మోగింది. తర్వాత మోగలేదు. లోపలికి వెళ్ళి చూస్తే ఏసీ తగ్గి ఉంది. "చెవులు పనిచేయట్లేదా?" అన్నారు. "పనిచేస్తున్నాయి సార్, పేషెంట్ మాట వింటున్నాను," అన్నాను. ఆయన నన్ను మొదటిసారి చూసినట్టు చూశారు. అది మంచి చూపు కాదు. అయినా చూపే. దాన్నీ ఆటలో పెట్టాను.

అత్తయ్య విషయంలో మాత్రం నాకు మనసొప్పలేదు. నీళ్ళడిగితే లేవకపోవడం పాపం అనిపించింది. కానీ మనిషికి ఆరోగ్యం బాగానే ఉంది, మెట్లు దిగి వాకింగ్‌కు వెళ్ళొస్తుంది. ఒక సాయంత్రం, "అమ్మాయ్, కాసిన్ని వేడినీళ్ళు," అంటే విననట్టే తెరవంక చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి వంటింట్లో గిన్నె చప్పుడైంది. తర్వాత గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చి నా పక్కన నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"ఏం చేస్తున్నావ్?" అంది.

దాచబుద్ధి కాలేదు. చెప్పాను. ఆడతారా అని అడిగాను. కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది. తెర మీద మొదటి పిలుపు వచ్చింది: "నా కళ్ళజోడెక్కడ?" అత్తయ్య చటుక్కున 'లేస్తాను' నొక్కింది.

"'లేవను' నొక్కండి అత్తయ్యా. అప్పుడే గెలుస్తారు."

"అయ్యో, పిలుస్తున్నారు కదే!"

మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ 'లేస్తాను'. ఈసారి తప్పకుండా లేవనని ఒట్టేసుకుని కూర్చుని, పాలు పొంగుతున్నాయనగానే లేచింది. తనకే నవ్వొచ్చింది. ఇద్దరం కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. ఆ రోజునుంచి మధ్యాహ్నం కునుకు మానేసి ఆడటం మొదలుపెట్టింది. నన్ను నీళ్ళు అడగడం కూడా తగ్గించింది. ఎందుకో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఇక మిగిలింది ఆదివారం టీ. అది పెద్ద పిలుపు. నలుగురి ముందు వచ్చేది. దాని 'లేవను' వైపు ఖాళీగా ఉంచి చాలారోజులు తిరిగాను. చివరికి ఒక ఆదివారం ఆయన గదిలోంచి, "టీ పంపవోయ్, నాలుగు!" అన్నారు. నేను ఇస్త్రీ బల్ల దగ్గర కుర్చీలోనే ఉన్నాను. మాటలు, నవ్వులు, కాస్త నిశ్శబ్దం. "ఏమోయ్!" మళ్ళీ నిశ్శబ్దం. "ఫరవాలేదు ప్రొఫెసర్, బయట తాగుదాంలే," అన్నారెవరో. కుర్చీలు జరిగాయి. స్నేహితుల చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. ఆ పిలుపులన్నిటిలో నాకు నిజంగా భయమేసింది అప్పుడే.

ఆయన వరండాలోకి వచ్చారు.

"వినబడలేదా?"

"వినబడింది."

"మరి?"

"లేవకపోతే ఏమవుతుందో చూద్దామని," అన్నాను. నిజమే అయినా, పైకి అన్నాక ఎంత విడ్డూరంగా ఉందో నాకే తెలిసింది.

"చూశావుగా, ఏమైందో? నా పరువు పోయింది. ఏమైంది నీకు? కొన్నాళ్ళుగా గమనిస్తున్నాను. పిలిస్తే పలకవు. ఎప్పుడు చూసినా ఈ డొక్కు ముందు. అసలిది నడుస్తోందా?" వంగి చూశారు. "ఎవరు బాగుచేశారు?"

"నేనే."

ఒక్క క్షణం ఆయన ముఖంలో కోపం పోయి మరేదో వచ్చింది. గదిలో కొత్త ముక్క చేతికొచ్చినప్పుడు కనిపించే ముఖం. అంతలోనే సర్దుకున్నారు. "ఏదైతేనేం. రేపు పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను. నేను పారేసిందే కదా, నీదేం కాదు. ఇల్లు ఇల్లులా ఉండాలి."

నేను మౌస్ ఆయనవైపు జరిపాను. "సరే. ఇచ్చే ముందు ఒకసారి ఆడి చూడండి. నేను రాశాను."

"ఆటా?"

"చిన్నదే."

నిలబడే మౌస్ అందుకున్నారు. అత్తయ్య దండెం మీద బట్టలు తీస్తూ ఇటే చూస్తోంది. తెర మీద సీరియల్ మొదలైంది. 'నా కళ్ళజోడెక్కడ?' ఆయన ఆలోచించకుండా 'లేవను' నొక్కారు. 'పాలు పొంగుతున్నాయి.' లేవను. 'బెల్లు మోగింది.' లేవను. 'టవల్!' లేవను. మధ్యలో ఒకసారి ఆవలించారు కూడా. సీరియల్ అయిపోయింది. 'మీరు గెలిచారు' అని వచ్చింది.

"ఇంతేనా?" అన్నారు మౌస్ వదిలేసి. "ఇందులో ఏముంది? చంటిపిల్లలు కూడా గెలుస్తారు."

"నేను బోలెడుసార్లు ఆడానురా," అంది అత్తయ్య, చేతిలో బట్టలు అలాగే పట్టుకుని. "ఒక్కసారీ గెలవలేదు."

ఆయన తిరిగి చూశారు. "ఎందుకని?"

"పిలుస్తుంటే ఎలా కూర్చుంటాన్రా?" అంది, ఇది కూడా అడగాలా అన్నట్టు. తర్వాత తలవంచుకుని దుప్పటి మడత పెట్టుకుంది.

ఆయన తెరవంక చూశారు, వాళ్ళమ్మవంక చూశారు. కుర్చీ లాక్కుని కూర్చుని ఆట మళ్ళీ మొదటినుంచి తీశారు. ఈసారి 'లేస్తాను' నొక్కారు. ఆటలో కళ్ళజోడు టీవీ మీదే ఉంది. తెచ్చి ఇస్తే, నీళ్ళు కూడా తెమ్మన్నారు. నీళ్ళకు వెళితే సింకులో గిన్నెలు. గిన్నెల మధ్యలో బెల్లు. బెల్లు దగ్గర పక్కింటావిడ, ఆవిడతో మాటలు, ఆ మాటల్లో పడితే పొయ్యి మీద పాలు. ఒక పనిలోంచి ఇంకో పని పుట్టుకొస్తూనే ఉంది. ఆయన ఒక్కో మాటా చదువుతూ, నొక్కుతూ వెళ్ళారు. కాసేపటికి నొక్కడం వేగమైంది, తర్వాత నెమ్మదైంది. సీరియల్ ఎప్పుడు అయిపోయిందో ఆయనకు తెలియనే లేదు. వంటిల్లు సర్దడం దగ్గర ఒకసారి ఆగి, మెడ వెనక రుద్దుకుని, మళ్ళీ నొక్కారు. తెర మీద తెల్లారింది. పాలు పెట్టాలి.

"ఇది ఎక్కడ అయిపోతుంది?" అన్నారు, నావైపు తిరగకుండానే.

"అటువైపు ఆఖరు లేదండీ," అన్నాను. "మీరు ఆడుతూ ఉండండి. ఎక్కడైనా కనిపిస్తే నాకు చెప్పండి, రాసుకుంటాను."