తూచి రాసిన జీతం

పన్నుల ఆఫీసు మెట్ల కింద ఫారాల మాస్టారి బల్ల ఉంటుంది. ఆయన ఉదయం తొమ్మిదికల్లా వచ్చి, బల్ల మీది దుమ్ము దులిపి, రెండు పెన్నులూ జిగురు సీసా వరసగా పెట్టుకుని, "ఊఁ, ఎవరమ్మా ముందు?" అంటాడు. ముందున్న ముగ్గురూ ఒకేసారి "నేనే" అంటారు. అక్కణ్ణించి సాయంత్రం దాకా ఆయనకి తల ప్రాణం తోకకొస్తుంది. ఏడాదంతా గుర్రుపెట్టి నిద్రపోయే జనం, గడువు ఇంకో వారం ఉందనగా మూకుమ్మడిగా వచ్చి మీద పడతారు. అదేం జబ్బో!

ఆ రోజు లాండ్రీలో పనిచేసే ఇస్త్రీ అక్క కూడా వచ్చింది. మనిషి చీపురుపుల్లలా ఉంటుంది. ఆవిడ బెంచీకి ఈ కొసన కూర్చోగానే ఆ కొసనున్న ఇద్దరు జానెడు పైకి లేచారు. వాళ్ళేమీ అనుకోకుండా మధ్యకి జరిగి సర్దుకున్నారు.

తన వంతు వచ్చాక మాస్టారు తలెత్తకుండానే అడిగాడు. "ఎన్ని నెలల జీతం ఆగిందమ్మా?"

"తొమ్మిది."

"ఆగిన జీతం ఒంట్లో చేరేది నెలకి నాలుగు కిలోలు. ముప్పయ్యారు. అసలు ఒళ్ళెంత?"

"పెళ్ళినాటికి నలభయ్యారు. ఇప్పుడూ అంతే ఉంటుంది మాస్టారూ, కొత్తగా తినేసిందేముంది?"

"యజమాని జీతం చీటీ ఇచ్చాడా?"

ఇచ్చాడు. మడతలు విప్పి చూపించింది. పన్నెండు నెలల జీతం పూర్తిగా చెల్లించినట్టు, కింద లాండ్రీ ముద్రతో, ముచ్చటగా ఉంది చీటీ. మాస్టారు దాన్ని చదివి పక్కన పెట్టాడు.

"నీకు ముట్టింది?"

"మూడు నెలలదే."

"ఇదే అంకె ఆరో గడిలో ఎక్కించావనుకో, రాని డబ్బుకి నువ్వు ఎదురు పన్ను కట్టాలి. పైగా ముట్టిందని నువ్వే ఒప్పుకున్నట్టు. పోనీ గడి ఖాళీగా వదిలేద్దామంటే ఫారం వెనక్కి కొడతారు." సొరుగులోంచి పచ్చ కాగితం ఒకటి తీశాడు. "చీటీ తప్పుగా ఉన్నవాళ్ళకి ఈ పచ్చ ఫారం. ముట్టింది ఒక వరస, ముట్టనిది ఒక వరస. కింద 'ఈ మొత్తం ఎలా లెక్కగట్టారు' అని అడుగుతాడు. తూచి అని రాస్తాం. పద, కాటా దగ్గరికి."

కాటా ఎదురుగా పాత ఇనప సామాన్ల కొట్లో ఉంది. కొట్టు ముసలాయన్ని అందరూ ఇనపతాత అంటారు. ఇస్త్రీ అక్క చెప్పులు విప్పి పలక మీదికెక్కింది. ఎనభై రెండు రావాలి. ముల్లు ఎనభై రెండు దాటి, తొంభై దాటి, నూట పది దగ్గర ఆగింది.

"నీ కాటాకి పోయేకాలం వచ్చింది తాతా" అన్నాడు మాస్టారు.

"నా కాటాని అంటే ఊరుకోను" అని ఇనపతాత ఆవిణ్ణి దింపి, రాళ్ళు వేసి సరిచూసి, మళ్ళీ ఎక్కించాడు. నూట పదే.

మాస్టారు వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. ఇరవై ఎనిమిది ఎక్కువ. అంటే ఏడు నెలలు. "ఇంకెవరిది మోస్తున్నావమ్మా?" అన్నాడు, ఈసారి కాస్త మెత్తగా.

ఇస్త్రీ అక్క పలక మీంచి దిగలేదు. "రేడియోది" అంది.

రేడియో అంటే పక్క ఇస్త్రీ బల్ల ఆవిడ. అసలు పేరు ఎవరికీ పట్టలేదు. పొద్దున బల్ల దగ్గర నిలబడ్డ క్షణం నుంచి ఆపకుండా మాట్లాడేది. ఎదురింట్లో పిల్లి ఈనిన సంగతి, బస్సులో ఎవరో గొడుగు మరిచిపోయిన సంగతి, కలలో పళ్ళూడిన సంగతి. "కాసేపు కట్టెయ్యవే తల్లీ" అని ఇస్త్రీ అక్క దణ్ణం పెడితే, రెండు దుప్పట్లు మడతపెట్టేదాకా ఆగి మళ్ళీ మొదలెట్టేది. నా అన్నవాళ్ళు లేరు. పదకొండేళ్ళు ఒకరి డబ్బాలోంచి ఒకరు తిన్నారు.

ఏడో నెలలో ఆవిరి గొట్టం పగిలింది. దుప్పట్లు దొంగతనం పోతున్నాయని యజమాని ఇస్త్రీ గదికి బయటి నుంచి గడియ వేయించేవాడు. ఇస్త్రీ అక్క అప్పుడు డాబా మీద బట్టలు ఆరేస్తోంది. అరుపులు విని దిగొచ్చి, గడియ తీసి, రేడియోని రెండు చేతుల మీదా ఎత్తుకుని ఆసుపత్రి వైపు పరుగెత్తింది.

"ఎత్తుకున్నప్పుడు బండలా ఉంది మాస్టారూ. వీధి మలుపు తిరిగేసరికి చేతుల్లో పిట్టంతైపోయి, నా ఒళ్ళు ఒక్కసారిగా బరువైపోయింది. అప్పుడే తెలిసింది పోయిందని. ఎవరూ లేనివాళ్ళది ఎత్తుకున్నవాళ్ళకి వస్తుందిగా. యజమానేమో అది పోయినేడే పని మానేసిందనీ, ఆ రోజు దొంగతనానికి వచ్చిందనీ పుస్తకంలో రాసుకున్నాడు. దొంగట! ఆ గదిలో దొంగిలించడానికి ఏముంది, వేడి తప్ప."

ఆనాటి నుంచే ఆవిడ మోకాళ్ళు పోతున్నాయి. ఈ ఏడు దాటితే ఇక నడక లేదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. నడక పోతే ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడేదెవరు? నిలబడలేని మనిషికి పనెవడిస్తాడు?

మాస్టారు బల్ల దగ్గరికి తిరిగొచ్చి పచ్చ ఫారంలో మూడో వరస కూడా నింపాడు. చనిపోయినవారి జీతం, మోస్తున్నవారి ద్వారా, ఏడు నెలలు. ఎలా లెక్కగట్టారు: తూచి. సాక్షిగా ఇనపతాత వేలిముద్ర.

"దీన్ని యజమానికి చూపించి సంతకం పెట్టించుకురా. పెట్టనంటే పెట్టలేదని రాసి లోపలిస్తాం. వాళ్ళే పిలిపించి అడుగుతారు. నెలలు పట్టొచ్చు."

"మోకాళ్ళు అన్నాళ్ళు ఆగుతాయా?"

మాస్టారు ఫారం మడిచి ఆవిడ చేతిలో పెట్టాడు.

లాండ్రీ యజమాని ఫారాన్ని నిలబడే చదివాడు. మొదటి రెండు వరసలకీ ఆయన మొహంలో ఏమీ మారలేదు. మూడో వరస దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమ్మా, నీ జీతం నువ్వు అడుగుతున్నావు, బాగుంది. మధ్యలో దాని గొడవెందుకు?"

"అది కూడా పనిచేసింది కదండీ. ఏడు నెలలు."

"పోయిన మనిషి జీతం తీసుకుని ఏం చేసుకుంటుంది?" ఆయన బీరువా తెరిచి నోట్ల కట్టలు తీసి బల్ల మీద పెట్టాడు. "తొమ్మిది నెలలది. ఇక్కడే ఉంది. ఇప్పుడే తీసుకెళ్ళు. ఆ మూడో వరస మాత్రం నీ చేత్తో కొట్టేసి పక్కన సంతకం పెట్టు. లేదంటావా, నీ ఇష్టం. ఆఫీసు వాళ్ళు పిలిచినప్పుడు చూసుకుందాం. నీ మోకాళ్ళ సంగతి నీకే తెలుసు."

ఆయన నోట్ల కట్టల్ని ఆవిడ వైపు తోశాడు. ఆ ఒక్క వరస లోపలికి వెళ్తే ఏడో నెలలో ఆ గదిలో ఎవరున్నారన్నది తేలిపోతుంది, గడియ సంగతి బయటికొస్తుంది. ఆయన భయమంతా అదేనని ఆవిడకీ అర్థమైంది. రేపు చెబుతానని లేచింది.

ఇల్లు మూడో అంతస్తులో. మొదటి అంతస్తు దగ్గర ఒకసారి, రెండో అంతస్తు దగ్గర ఒకసారి కూర్చుంది. మంచం విరిగిన దగ్గర్నుంచీ పడక నేల మీదే. బస్సు డ్రైవరు మొగుడు ఇంటికొచ్చి, నూనె వేడిచేసి మోకాళ్ళకి రాస్తూ అంతా విన్నాడు.

"తీసుకో" అన్నాడు.

"మరి అదో?"

"దాన్ని ఎత్తుకొచ్చింది నువ్వు. ఊళ్ళోవాళ్ళందరూ చూస్తూ నిలబడ్డారు. ఇంకా ఏం చెయ్యాలే నువ్వు? నువ్వు మంచాన పడితే నిన్నెత్తడం నా వల్ల కాదు. ప్రయత్నించాను కూడా. మొన్న నువ్వు నిద్రపోతుంటే." కళ్ళు తుడుచుకుందామంటే అతని చేతులకి నూనె ఉంది.

ఆవిడ రాత్రంతా ఆలోచించి ఒక లెక్కకి వచ్చింది. తన ముప్పయ్యారూ దిగిపోతే మిగిలేది ఇరవై ఎనిమిది. అంత మోయగలదు. రేడియో తన ఒంట్లోనే భద్రంగా ఉంటుంది. వచ్చే ఏడు, ఇంకెక్కడైనా పని దొరికాక, ఎవరికీ భయపడకుండా ఆ వరస మళ్ళీ రాయిస్తుంది. "ఒక్క ఏడు ఆగవే" అని చీకట్లో పైకే అంది.

పొద్దున యజమాని ఎదుట మూడో వరస మీద గీత గీసి, పక్కన సంతకం పెట్టింది. ఆయన రెండో వరస కింద 'చెల్లించాను' అని రాసి సంతకం చేసి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. మాస్టారు ఫారం చూసి పెన్ను మూత పెట్టేశాడు.

"కొట్టేసిన వరస మళ్ళీ రాసినవాళ్ళని నేను చూళ్ళేదమ్మా. ఇంకోసారి ఆలోచించు."

"నా ఒంట్లోనే ఉంటుందిగా మాస్టారూ. ఎక్కడికి పోతుంది?"

ఆయన ఇంకేదో అనబోయాడు. వెనక నలుగురు తోసుకొస్తున్నారు. ఫారం ఆవిడ చేతికిచ్చేశాడు.

కౌంటరు దగ్గర గుమాస్తా ఫారం అటూ ఇటూ తిప్పి సీలు వేశాడు. సీలు పడగానే, అందరికీ దిగినట్టే, ఆవిడకీ బరువు దిగింది. ఎంత హాయి! చెప్పులు నేలకి అంటుతున్నాయో లేదో తెలియలేదు. దారిలో మొగుడికి ఇష్టమని అరటిపళ్ళు కొంది, కొట్లో అద్దంలో మొహం చూసుకుని నవ్వుకుంది కూడా. ఇంటి మెట్లు ఎక్కడం మొదలెట్టింది. మొదటి అంతస్తు వచ్చింది, కూర్చోవాలనిపించలేదు. రెండో అంతస్తు వచ్చింది. ఊపిరి అందుతూనే ఉంది. మూడో అంతస్తుకి సగంలో కాలు ఆగిపోయింది.

ఇరవై ఎనిమిది కిలోలు ఇంకా ఉండాలి కదా.

కుడికాలు ఎత్తి చూసుకుంది. ఎడమకాలు ఎత్తి చూసుకుంది. రేడియోని ఎత్తుకున్నప్పటి బరువు, భుజాల మధ్య ఎప్పుడూ నొక్కుతుండే ఆ బరువు ఎక్కడుందా అని చేతులు వెనక్కి పెట్టి తడుముకుంది. పళ్ళు అక్కడే వదిలేసి, పెళ్ళికాని పిల్లలా రెండేసి మెట్లు దిగి, వీధులన్నీ పరుగెత్తి మాస్టారి బల్ల ముందు పడింది.

"అది లేదు మాస్టారూ! నా దగ్గర లేదు!"

మాస్టారు వరసలో ఉన్నవాళ్ళని ఆగమన్నాడు. ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ కొసన కూర్చున్నవాళ్ళు కదల్లేదు.

"మళ్ళీ రాయండి. నా డబ్బు వెనక్కి ఇచ్చేస్తాను. ఫారం వెనక్కి అడగండి."

"సీలు పడిపోయింది తల్లీ. అది పోయినేడే మానేసిందని ఆయన పుస్తకం చెబుతోంది. అది పనిచెయ్యలేదని ఇప్పుడు నీ సంతకమూ చెబుతోంది. ఇక ఏమని రాయను? ఏం తూచి రాయను?"

"నా చేతుల్లో పోయింది మాస్టారూ. నా ఈ చేతుల్లో."

"తెలుసమ్మా" అన్నాడాయన. తెలిసి చేసేదేమీ లేక, వరసలో ముందున్న మనిషి కాగితాలు అందుకున్నాడు.

సాయంత్రం ఆఫీసు తలుపులు మూసేదాకా ఆవిడ ఆ బెంచీ మీదే కూర్చుని ఏడ్చింది. తర్వాత లేచి ఇంటికెళ్ళింది. వారం తిరక్కుండా ఇంకో లాండ్రీలో పని దొరికింది, పన్నెండేళ్ళు నిలబడి ఇస్త్రీ చేసింది. మోకాళ్ళు మళ్ళీ ఎన్నడూ నొప్పి పెట్టలేదు.