నల్లబల్ల మీద మొదటి పేరు

నేను ఒక నల్లబల్లను. చెక్కకు నల్లరంగు పూసుకుని బల్లనని చెప్పుకునే రకాన్ని కాదు, అసలు సిసలు మార్కాపురం పలకరాయిని. రెండు రాళ్లను పక్కపక్కన అతికి, టేకు చట్రంలో బిగించి నన్ను తయారు చేశారు. విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయం నన్ను లెక్కల శాఖ కోసం కొన్నది. నడుమ అతుకు కనిపిస్తోందని లెక్కలవాళ్లు ముఖం చిట్లించారు. అలా నేను భౌతికశాస్త్రం వాళ్ల మేడ మీద, సముద్రం కనిపించే ఒక మూలగదికి చేరాను. ఆ గది యెర్రంశెట్టి విశ్వనాథం గారిది.

ఆయన కణ భౌతికశాస్త్రంలో సిద్ధాంతాల మనిషి. పరమాణువు లోపలి కణాలు ఎలా పుడతాయో, ఎలా విరిగిపోతాయో లెక్కకట్టి చెప్పడం ఆయన పని. పక్క గదులవాళ్లు యంత్రాలకు నిధులు అడుగుతుంటే ఈయన సుద్దముక్కలు అడిగేవారు. అవి కూడా సమయానికి వచ్చేవి కావు. డస్టరు ఉన్నా ముట్టుకునేవారు కాదు. అరచేత్తో తుడిచేసి, ఆ చేతిని ప్యాంటుకు రాసుకునేవారు. లెక్క కుదరని రోజున కోపం పట్టలేక నన్ను తిట్టేవారు. తప్పు ఆయన లెక్కలో ఉండేది, తిట్లు నాకు పడేవి. అయినా నాకు ఆయనంటే ప్రాణం.

బరువైన ఒక కణం ఏయే దారుల్లో విరుగుతుందో, ఏ దారిలో ఎంత తరచుగా విరుగుతుందో చెప్పే సూత్రాన్ని ఆయన నా మీదే పట్టుకున్నారు. మొదటి గీత నుంచి చివరి గీత దాకా నేను చూశాను. తర్వాత ఆయన శిష్యులు అడపా భారతి, కొలుసు ధర్మారావు నెలల తరబడి కష్టపడి ఆ లెక్కను పూర్తి చేశారు. వ్యాసం పత్రికకు పంపే రోజున భారతి నా మీద ముగ్గురి పేర్లూ రాసింది, గురువుగారి పేరు ముందు పెట్టి. ఆయన వచ్చి అరచేత్తో చెరిపేశారు.

"మన శాస్త్రంలో ఇంగ్లీషు అక్షరాల వరసే కదమ్మా. ఎవరు ముందు, ఎవరు వెనక అనే పేచీ రాకూడదనే ఆ ఆనవాయితీ."

"ఆలోచన మీది కద సార్! మీ పేరు చివర్న పెడితే ఏం బావుంటుంది?"

"ఆలోచన ఈ బల్లది. నేను రాసేనంతే," అని నవ్వారాయన.

అడపా, కొలుసు, యెర్రంశెట్టి. ఆ వరసలోనే వ్యాసం వెళ్లింది. నేనేమో ఆ పొగడ్తకు పొంగిపోతూ కూర్చున్నాను.

కొన్నేళ్లకు విదేశాల్లో పెద్ద పెద్ద యంత్రాలు నడిపేవాళ్లు ఆ సూత్రాన్ని వాడటం మొదలుపెట్టారు. కొలిచి చూస్తే ఆయన చెప్పినట్టే వచ్చింది. వ్యాసాల్లో అందరూ దాన్ని 'అడపా తదితరులు' అని రాశారు. విశ్వనాథం గారు తదితరుల్లో కలిసిపోయారు. ఆయనకది పట్టనే లేదు. ఆయన ఆశల్లా ఒకటే, తాను రిటైరయ్యాక కూడా ఆ గదిలో ఇలాంటి లెక్కలు చేసే మనిషి ఒకరుండాలని. తన పోస్టును తీసేయవద్దని విశ్వవిద్యాలయాన్ని అడిగారు. మీ పరిశోధన ప్రభావమెంతో చూసి చెబుతామని ఒక కమిటీ వేశారు.

ఆ కమిటీలో అన్ని శాఖలవాళ్లూ ఉన్నారు, ఈ శాస్త్రం తెలిసినవాళ్లు తప్ప. వాళ్ల నిబంధన ప్రకారం వ్యాసంలో మొదటి పేరు ఎవరిదైతే ప్రభావం వాళ్లది. యెర్రంశెట్టి అనే ఇంటిపేరుతో పుట్టినవాడు ఇంగ్లీషు అక్షరాల్లో ఏ జన్మకు మొదట వస్తాడు? కమిటీ పెద్ద జంతుశాస్త్రం ప్రొఫెసరు. చెడ్డవాడు కాదు. గదికి వచ్చి, కుర్చీ దగ్గరకు లాక్కుని మెల్లగా అడిగాడు.

"ఈ వ్యాసానికి చాలా పేరుందట కదండీ. అసలు పని మీదా, ఆ అమ్మాయిదా? నాదేనని ఒక్క ముక్క రాసివ్వండి. మిగతాది నేను చూసుకుంటాను."

ఒక్క ముక్క చాలు, గది నిలబడుతుంది. కానీ ఆ వ్యాసం వల్లనే భారతికి బొంబాయిలో ఉద్యోగమిచ్చారు. అదింకా ఖాయం కాలేదు. ఈయన అసలు పని నాదే అంటే ఆమె సంగతేమిటి? ఆయన నా వైపు ఒకసారి చూశారు.

"ముగ్గురం చేసేమండి," అన్నారు.

చెప్పండి సార్, చెప్పండి అని అరవాలనిపించింది. నా మీద వెయ్యి మాటలు రాశారు, నాకు ఒక్కటీ పలకడం రాదు. ఆ బాధ ఇప్పటికీ తీరలేదు.

ఆయన రిటైరయ్యారు, పోస్టు పోయింది. ఆ గదిలో జవాబు పత్రాల కట్టలు పేర్చారు. నన్ను గోడ నుంచి ఊడదీసి క్యాంటీనుకు ఇచ్చేశారు. అక్కడ అప్పలకొండ రోజూ నా మీద టిఫిన్ల పేర్లు రాస్తాడు. గుండ్రటి దస్తూరి, తప్పుల్లేవు. తిట్లూ లేవు. తిట్టేవాళ్లు లేక నాకు తోచదు.

మొన్న భారతి వచ్చింది. తల నెరిసింది. ఏదో ఉపన్యాసానికి పిలిచారట. టీ తాగుతూ తలెత్తి, నా అతుకు చూసి లేచి నిలబడిపోయింది. దగ్గరకొచ్చి ఆ అతుకు మీద వేలు పెట్టింది.

"ఉద్యోగం ఖాయమయ్యాక అందరికీ చెబుదామనుకున్నాను సార్, ఆలోచన మీదేనని. ఇవాళా రేపూ అంటూనే ఉన్నాను. మీరు పోయారు. కమిటీకి మీరేం చెప్పారో ఇవాళే ఇక్కడివాళ్లు చెబితే తెలిసింది," అంది.

సుద్ద తీసుకుని అన్నిటికన్నా పైన యెర్రంశెట్టి అని రాసింది. దాని కింద అడపా, కొలుసు.

అప్పలకొండ గరిటెతోనే వచ్చి చూశాడు. "ఈ యెర్రంశెట్టి బాబు ఏటి తింతారు తల్లీ? పేరు రాసేరు గానీ ఆర్డరు రాయనేదు."

"ఆయన తినరు బాబూ. ఈ పూటకి చెరపకండి," అంది భారతి.

అప్పలకొండ మాట నిలబెట్టుకున్నాడు. సాయంత్రం బజ్జీలూ పునుగులూ ఆ పేర్ల కిందే రాశాడు. ఆ పూటంతా పిల్లలు ఆయన పేరు చదివి, భుజాలెగరేసి, కిందికి చూసి బజ్జీలు అడిగారు.

మర్నాడు పొద్దున్నే తడిగుడ్డ వచ్చింది. అప్పలకొండను అనడానికేం లేదు, అతని బేరం అతనిది. ఇప్పుడు నా మీద మొదటి పేరు ఇడ్లీ.