గిటార్‌కు దసరా

బాలరాజ్‌కు ఈ లోకంలో అసహ్యం పుట్టించని వస్తువు ఒక్కటే ఉండేది. అది అతని గిటార్. మిగతా అన్నింటి మీదా ఏవగింపే. బొల్లారంలో తాను పనిచేసే మందుల కంపెనీ అంటే ఏవగింపు. అక్కడి నుంచి ఒంటికి పట్టుకొచ్చే కుళ్లిన వెల్లుల్లి లాంటి కంపు అంటే మరీను. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆ కంపు పోదు, కట్టుకున్న జ్యోతి కూడా అటు తిరిగి పడుకుంటుంది. క్యాంటీన్ పప్పు, కంపెనీ బస్సు సీట్ల జిడ్డు, ఇంట్లో బోరు నీళ్ల తుప్పు రుచి, ఏది తలుచుకున్నా మొహం చిట్లించేవాడు. చివరికి ఆ చిట్లింపు మొహానికే అతుక్కుపోయింది. నవ్వినా చేదు మాత్ర మింగినవాడిలాగే కనిపించేవాడు.

పెళ్లికి ముందు పటాన్‌చెరు చుట్టుపక్కల వినాయక మండపాల్లో, బారాత్‌లలో గిటార్ వాయించి నలుగురి చేతా శెభాష్ అనిపించుకున్న మాట నిజమే. ఆ ఒక్క నిజాన్ని పట్టుకునే ఇన్నాళ్లూ వేలాడుతున్నాడు. డ్యూటీ చంపుతున్నది గానీ, టైము చిక్కడం లేదు గానీ, లేకపోతే తాను ఇక్కడ ఉండాల్సినవాడే కాదట. ఈ మాట విని విని జ్యోతి చెవులు మూసుకుంది. తల్లి బక్కమ్మ మాత్రం నమ్మింది. తల్లి కదా, ఏం చేస్తుంది.

అలాంటిది, అదృష్టం వెతుక్కుంటూ పాశమైలారంలో అతని ఇంటి దాకా వచ్చింది. ముత్తంగిలో ఆర్కెస్ట్రా నడిపే ప్రభాకర్ నిన్న ఫోన్ చేశాడు. కార్తీకంలో పెళ్లిళ్లు వరసగా ఉన్నాయని, తన గిటారిస్టు మానేశాడని, ఇవాళ మధ్యాహ్నం వచ్చి నాలుగు పాటలు వాయించి చూపిస్తే పర్మినెంటుగా పెట్టుకుంటానని చెప్పాడు. అదే మధ్యాహ్నం బాలరాజ్‌కు సెకండ్ షిఫ్టు. ముత్తంగి పోతే కంపెనీ పీడ వదిలినట్టే. కంపెనీ బస్సెక్కితే మళ్లీ ఇలాంటి పిలుపు వస్తుందన్న ఆశ లేదు.

కొత్త తీగల ప్యాకెట్టు ఎప్పుడో కొని దాచిపెట్టింది ఉంది. పొద్దున అన్నం తిని, వసారాలో చాప పరిచి, అల్మారా మీది నుంచి గిటార్ సంచి దింపాడు. జిప్పు లాగాడు.

ముందు కంపు కొట్టింది. అలవాటు కొద్దీ తన ఒంటిదే అనుకుని చంక వాసన చూసుకున్నాడు. కాదు, ఇది చచ్చిన ఎలుక కంపు. ముక్కు మూసుకుని గిటార్ బయటికి తీసేసరికి ఒక బొద్దింక అతని ముంజేతి మీదుగా పాకి చాప కింద దూరింది. తీగలు తీగల్లా లేవు. వాటి మీద ఏదో నల్లగా కారి, ఎండి, పెచ్చులు కట్టింది. ఆ పెచ్చుల చుట్టూ తుప్పు. గిటార్ మెడ మీది మెట్ల సందుల్లో బూజు పట్టిన పసుపు, కుంకుమ. తీగల కింద ధ్వనిని పట్టే పికప్పుల మీద చీమల బారు. రెండు తీగల మధ్య ఇరుక్కుని ఒక కోడి ఈక.

బాలరాజ్ గిటార్‌ను చాప మీద వదిలేసి వెనక్కి జరిగాడు.

కేక వేస్తే, వాకిట్లో గిన్నెలు తోముతున్న బక్కమ్మ నురగ చేతులతోనే వచ్చింది. ఇదేందని అడిగితే ఆమె దాచలేదు, తడబడలేదు. దసరా నాడు ఇంట్లో పనిముట్లన్నీ వరసగా పెట్టిందట. కొడవలి, గొడ్డలి, కుట్టుమిషను, కొడుకు బండి, ఆ పక్కనే గిటార్. అన్నింటికీ పసుపు కుంకుమలు పెట్టి, పుంజును కోసి, బండి చక్రానికి చిలకరించినట్టే దీని మీదా రక్తం చిలకరించింది. దండం పెట్టుకుని, సంచిలో పెట్టి జిప్పు వేసింది. కొడుకు ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. వచ్చి ఆ పుంజు కూరే తిని పడుకున్నాడు.

ఆ సంగతి వినగానే అతని నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. బుద్ధుందా అన్నాడు. ఇది లారీ టైరనుకున్నావా అన్నాడు. మీ మొరటుతనం చూస్తే డోకొస్తున్నదని, ఈ ఇంట్లో పుట్టడమే తన ఖర్మని తిట్టిపోశాడు. పెంచి పెద్ద చేసిన తల్లిని పట్టుకుని అనరాని మాటలన్నీ అన్నాడు. బక్కమ్మ నిలబడి విన్నది.

"బువ్వ పెట్టేదానికి చెయ్యాలె గద బిడ్డా," అన్నది. "కంపెనీ ఇడిచిపెడ్త, ఇగ ఇదే నన్ను సాదుతది అంటివి. అందుకే చేసిన."

తర్వాత వంగి, ఆ తీగల వంక చూసి అడిగింది.

"దసరా నాటిది. నువ్వు ఇయ్యాల సూస్తున్నవా?"

అందులో వెక్కిరింపు లేదు. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. ప్రాణం అన్నవాడు పండుగ పోయి, దీపావళి పోయి, కార్తీకం వచ్చేదాకా ఆ ప్రాణాన్ని సంచిలోంచి ఎందుకు తియ్యలేదో ఆమెకు తెలియలేదు. బాలరాజ్ ఆమెను పని చూసుకొమ్మని గదమాయించి తీగల మీద పడ్డాడు.

గిటార్ తల మీది బిగింపు కీలు ఒక్కొక్కటి తిప్పి తీగలు వదులు చేశాడు. వదులయ్యే కొద్దీ పెచ్చులు రాలి ఒళ్లో పడ్డాయి. వాటిని మునివేళ్లతో పట్టుకుని లాగి, చుట్ట చుట్టి, క్యారీబ్యాగులో వేశాడు. ఈకను పుల్లతో నెట్టాడు. తుడవడానికి ఇంట్లో ఉన్నది కంపెనీ నుంచి సీసాలో తెచ్చుకున్న స్పిరిట్ ఒక్కటే. పాత బ్రష్షును అందులో ముంచి రుద్దుతుంటే నల్లటి గుజ్జు కారింది. రుద్దీ రుద్దీ చివరికి కోడి కంపు పోయి కంపెనీ కంపు వచ్చింది. థూ అనుకుని గేటు బయటికి ఉమ్మి వచ్చాడు.

కొత్త తీగలు గిటార్ అడుగునున్న వంతెన పట్టీ రంధ్రాల్లోంచి దూర్చి, పైన ఆ కీలకు చుట్టి, మిగిలిన కొసలు కట్టర్‌తో కత్తిరించాడు. ఒక్కో తీగను వేలితో పైకి లాగి సాగదీసి, ఫోన్‌లో చూసుకుంటూ శ్రుతి చేశాడు. ఇంత చేసినా లోపల వైర్లకు తడి పట్టి ఉంటే అంతా బూడిదలో పోసిన పన్నీరే. భయపడుతూ చిన్న స్పీకరుకు తగిలించి మీటాడు.

ఖంగుమని పలికింది. ఏ దోషమూ లేదు.

మండపాల్లో ఈలలు వేయించిన పాట ఎత్తుకున్నాడు. రెండో వరుస దగ్గర వేళ్లు తడబడ్డాయి. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటే మళ్లీ అక్కడే తడబడ్డాయి. ఒకప్పుడు కాయలు కాసి గట్టిగా ఉన్న వేలికొసలు ఇప్పుడు పసిపిల్లవాడి వేళ్లలా మెత్తబడ్డాయి. కొత్త తీగ బ్లేడులా దిగుతోంది. గట్టిగా నొక్కలేక వదులుగా పట్టుకుంటే తీగ జిర్రుమంటోంది. వాకిట్లో గిన్నెల చప్పుడు ఆగింది. బక్కమ్మ వింటోంది. కాసేపటికి, కొడుకు పొరపాటు తాను విననట్టు, గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది.

అప్పుడే ప్రభాకర్ ఫోన్. బయలుదేరినవా అని అడిగాడు.

బాలరాజ్ గిటార్ వంక చూశాడు. ఎండకు తళతళలాడుతోంది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత అతనికి తెలియనిది కాదు, పదిమందిని చూపించి తానే ఆ సామెత వాడినవాడు. కానీ నోట్లో మాట బెల్లంముక్కలా సిద్ధంగా ఉంది.

"ఎట్ల వస్తనన్నా. మా అమ్మ గిటార్ మీద కోడి రక్తం పోసింది. లోపల వైర్లన్నీ ఖతమ్. గిసోంటి మనుషుల నడుమ బతుకుతున్న నేను."

అవతల ప్రభాకర్ పగలబడి నవ్వాడు. నవ్వి, మంచి మనిషి కాబట్టి జాలిపడ్డాడు.

"గిటార్‌దేముంది తమ్మీ, నా దగ్గర రెండున్నయి. నువ్వు ఉత్త చేతులతోని రా, సాలు."

బాలరాజ్ తన ఎడమచేతి వేళ్లు చూసుకున్నాడు. కొసల మీద ఎర్రటి గీతలు లేచి ఉన్నాయి. ఇవాళ డ్యూటీ ఉందన్నాడు. సెలవు పెట్టలేదన్నాడు. ఇంకా ఏవో అన్నాడు. సంగారెడ్డిలో ఇంకొకతను ఉన్నాడు, అతన్ని పిలుచుకుంటానని ప్రభాకర్ ఫోన్ పెట్టేశాడు.

తల ఎత్తితే గడపలో బక్కమ్మ. అంతా విన్నది. గిటార్ పలకడం విన్నది, వైర్లన్నీ ఖతమని చెప్పడమూ విన్నది. తిడుతుందని చూశాడు. తిడితే తానూ నాలుగు తిట్టవచ్చు, బరువు దిగుతుంది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నా మీద చెప్పినవ్ గద, మంచిదే తియ్యి," అన్నది. "బస్సు యాళ్లయితాంది. అన్నం డబ్బ కట్టాల్నా?"

కట్టమని తలూపాడు బాలరాజ్. ఆ కోడి రక్తాన్ని చూసినప్పుడు కూడా, ఇప్పుడు తన మీద పుట్టినంత అసహ్యం అతనికి పుట్టలేదు.